సురంగ, సొరంగము, మందుపాతర: సూరతు కోట ముట్టడియు ఒక యుద్ధచలనచిత్రమును

సూరతు నగరమున తాపీనది యొడ్డున చౌక్ బజారు చెంత నొక ప్రాతకోట కలదు. గుజరాతు సుల్తానుల కొలువున నుండిన ఖుదావంద్ ఖాన్ అను తురుష్కసేనాని క్రీ.శ. 16వ శతాబ్ది నడుమ దీనిని కట్టించెను. సముద్రముమీద పోర్చుగీసువారి బెడద హెచ్చుటయే దీని నిర్మాణమునకు కారణము. రాళ్లను ఇనుప పట్టీలతో బిగించి, సందులలో కరగిన సీసము పోసిరని ఫారసీ చరిత్రకారులు వ్రాసిరి. భూమివైపున నీరు పడువరకు త్రవ్విన కందకము వేరొక రక్ష. ఇంతటి కోటను అక్బరు 1573 జనవరిలో ముట్టడించి, ఫిబ్రవరి చివర లోగొనెను. మట్టిదిబ్బ నెత్తించి దానిపైనుండి తుపాకులు కాల్పించుట, నీటిత్రోవను కట్టివేయుట, గోడలక్రిందికి నేలను తొలిపించుట అను మూడుపనులు ఏకకాలమున జరిగినట్లు నిజాముద్దీన్ అహ్మద్ రచించిన తబకాతె అక్బరీవలన తెలియుచున్నది. పట్టుబడుట నేడో రేపో యనునంతగా పని ముదిరినపుడు లోపలివారు అభయము వేడి తలుపులు తెరచిరి. గోడక్రింది త్రవ్వకము పేల్చవలసిన యక్కర లేకపోయెను.

భాషావేత్తలకు ఈ ముట్టడిలో నొక చిన్న విశేషము కలదు. కోటను కాపాడిన దుర్గాధిపతి పేరు హంజబాన్. 'సమానమైన నాలుక కలవాడు', అనగా ఒకే భాష పలుకువాడు అని దాని యర్థము. ముట్టడికాలమున వదరుమాట లాడినందులకు అతని నాలుక కోయించిరని అబుల్ ఫజల్ వ్రాసెను. ఇట్లు కోటను నిలిపినవాని పేరు నిలిచినది, పేరుమీది శ్లేషవంటి శిక్షయు నిలిచినది. అభయము వేడ వచ్చిన రాయబారి నిజాముద్దీన్ లారీ పేరును నిలిచినది. గోడక్రింద మట్టి మోసినవారి పేరొక్కటియు నిలువలేదు.

ఈ సంగతి నాకు స్ఫురించుటకు హేతువు ఒక యుద్ధచలనచిత్రము. 2010లో ఆస్ట్రేలియాలో జెరెమీ సిమ్స్ దర్శకత్వమున వెలువడిన 'బెనీత్ హిల్ సిక్స్‌టీ' అను చిత్రము, మొదటి ప్రపంచయుద్ధమున గనులనుండి నేరుగా సైన్యమునకు పోయిన పనివారి కథ. ఆలివర్ వుడ్‌వర్డ్ అను గనుల ఇంజనీరు వ్రాసికొన్న దినచర్యలు దీనికి మూలము. ఇదే విషయముపై 2021లో ఇంగ్లండున 'ది వార్ బిలో' అను చిత్రమును వచ్చినది. ఇట్టి చిత్రములలోని సంభాషణలను తెనుగున పెట్టబూనినచో తొలి యడుగుననే యొక చిక్కు ఎదురగును. ఆంగ్లమున 'మైన్' అన్న గని; 'మైన్' అన్నను శత్రువు క్రింద త్రవ్విన త్రోవ; 'మైన్' అన్నను దాని చివర పేల్చు మందు. 'మైనర్' అనువాడు బొగ్గు త్రవ్వువాడు, కోటగోడ కూల్చువాడు కూడ. ఒక మనుష్యుడు శాంతికాలమున చేసినపనియే యుద్ధకాలమున చంపుటకు పనికివచ్చుట ఆ చిత్రముల ప్రాణము. ఆంగ్లభాష ఆ ప్రాణమును ఒక్క మాటలో ఇముడ్చుకొన్నది. తెలుగున దానికి మూడు మాటలు కావలెను: గని, సొరంగము, మందుపాతర. ఈ మూటికి పరస్పరము ధ్వనిసంబంధము లేదు, ధాతుసంబంధము లేదు. ఈ విభాగ మెట్లు కలిగినదో, దీనివలన పోయినదేమో వచ్చినదేమో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా సొరంగము. సంస్కృతమున సురుంగా, సురంగా అను రూపములు కలవు. ఇది గ్రీకుభాషలోని 'సిరింక్స్' అను పదమునుండి వచ్చినదని 1925లో ఆటో స్టెయిన్ వాదించెను. ఆ గ్రీకుపదమునకు తొలి యర్థము వేణువు, గొట్టము; ముట్టడులలో త్రవ్వు భూగర్భమార్గమను నర్థము తరువాత నేర్పడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ పదము పదేపదే కానవచ్చుటచేత ఆ గ్రంథకాలనిర్ణయ వివాదమున దీనికి గొప్ప ప్రాముఖ్యము వచ్చినది. వ్యుత్పత్తి యెట్లున్నను, పదము యుద్ధభూమినుండియే మన దేశమునకు వచ్చినదనుట మాత్రము ఆ వాదములోని ముఖ్యాంశము. తెలుగున సురంగ అనునది సొరంగ మగుటలో వింత లేదు. రెండవ యచ్చు అకారమైనపుడు తొలి యక్షరములోని ఉకారము ఒకారమగుట ముఖము మొగమగుటలోను, గుణము గొనమగుటలోను మన మెరిగినదే. ఇక వ్యుత్పత్తి నెరుగని జనులు దీనిని చొరబడుట, సొరబడుట అను మాటలతో జోడించి విని యుందురనుట నా యూహ. చొచ్చుకొని పోవు త్రోవ కనుక సొరంగము! శాస్త్రమునకు ఒప్పదు కాని, చెవికి ఒప్పును.

ఈ యొక్క పదము భారతీయభాషలలో మూడు త్రోవలు పట్టినది. తమిళమున చురంగమ్ అన్న గనియు నగును, భూగర్భమార్గమును నగును. బొగ్గుగనిని అచట నిలక్కరిచ్చురంగ మందురు. గుజరాతీ, హిందీలలో సురంగ అనునది త్రోవయు నగును, పేలుడుమందు నింపిన పాతుబడియు నగును. స్పష్టత కావలెనన్న హిందీవారు 'బారూదీ' అను విశేషణమును చేర్తురు. మరాఠీలో సురుంగ్ అన్నచో బండను పగులగొట్టుటకు పెట్టు మందుగా వాడుక బలపడినది. ఫారసీ చరిత్రలలో 'నఖబ్' అని వ్రాసిన దానినే హిందుస్థానీ వాడుకలో సురంగ మనిరి. తుపాకిమందు వచ్చినపిమ్మట త్రోవకును దాని చివరి ప్రేలుడుకును భేదము తరిగి, మార్గవాచకము ఆయుధవాచకమైనది. అనగా తమిళానువాదకుడు గనిని సొరంగమును కలిపి ఉంచుకొనగలడు. గుజరాతీ యనువాదకుడు సొరంగమును ప్రేలుడును కలిపి ఉంచుకొనగలడు. తెలుగువానికి ఆ రెండును లేవు. మన భాషలో సొరంగము త్రోవగానే నిలిచిపోయినది. రైలు పోవు సొరంగము, నీరు పారు సొరంగము, గుడినుండి కోటకు ఉన్నదని ప్రతి యూరివారును చెప్పుకొను సొరంగము: ఇవన్నియు నిరపాయములు.

అయినచో ప్రేలుడును తెలుగు ఏ మాటతో పట్టినది? మందుపాతర. ఇందు మందు తుపాకిమందు. పాతర ధాన్యము దాచు గొయ్యి. రాయలసీమ, తెలంగాణములలోని మెట్టరైతులు జొన్నలను పాతరలలో పోసి, పైన గడ్డియు మట్టియు కప్పి, కరవుకాలమునకు దాచుకొనెడివారు. పాతు ధాతువుతో ఈ పదమునకు గల సంబంధము స్పష్టమే. మందుపాతర యనగా ధాన్యమునకు మారుగా మందు దాచిన గొయ్యి. పొరుగుభాషలతో పోల్చిచూచిన దీని విలక్షణత తెలియును. తమిళులు కణ్ణివెడి యనిరి. కణ్ణి యనగా ఉచ్చు. వారికి వేటగాని ఉచ్చు తట్టినది. మలయాళులు కుళిబాంబు అని గుంతను పేర్కొని యూరకుండిరి. తెలుగువారికి మాత్రము రైతు కొట్టము తట్టినది. ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో వార్తాపత్రికలు ఈ మాటను ఎంతగా వాడెననగా, నేటి పట్టణవాసులలో ననేకులకు పాతర యనగానే మందే తోచును, జొన్నలు తోచవు. ఉత్తరపదము తన తొలి యర్థమును సమాసమునకు అర్పించుకొన్న యుదాహరణములలో ఇంత విషాదకరమైనది అరుదు.

పాతరను గూర్చి ఇంకొక్కమాట చెప్పక తప్పదు. చాలదినములు మూసియుంచిన జొన్నపాతరలో విషవాయువు నిండును. తెరచినవెంటనే దిగినవాడు ఊపిరాడక పడిపోవును. అందుచేత పెద్దలు ముందు దీపమును త్రాట దింపి, అది ఆరకున్ననే మనిషిని దింపెడివారు. ఫ్రాన్సు, బెల్జియముల నేలక్రింద పనిచేసిన సొరంగసైనికులు ఇందులకే చిన్న పంజరములలో కేనరీపిట్టలను, ఎలుకలను కొనిపోయిరి. పిట్ట వ్రాలినచో మనుష్యులు వెనుదిరుగవలెను. ఆ చిత్రములను చూచు తెలుగు పల్లెటూరి వృద్ధునకు పంజరములోని పిట్ట కొత్త కావచ్చును గాని, దానిని వెంటగొనిపోవలసిన భయము కొత్తది కాదు.

ఆ యుద్ధమున ఈ పని యెట్లు మొదలైనదో కొంత తెలిసికొనుట మంచిది. 1914 చివరికి ఇరుసేనలు కందకములలో చిక్కి, ముందుకు కదలలేకపోయినవి. జర్మనులు బ్రిటిషు కందకములక్రింద మందు పేల్చిరి. అప్పుడు జాన్ నార్టన్ గ్రిఫిత్స్ అను గుత్తేదారు, మాంచెస్టరు నగరమున మురుగుకాలువలు త్రవ్వుచుండిన తన పనివారిని సైన్యమునకు తెచ్చెను. 1915 ఫిబ్రవరిలో వారు పని ప్రారంభించిరి. వారి పద్ధతి చిత్రమైనది. పనివాడు ఏటవాలుగా నిలిపిన కొయ్యశిలువపై వెల్లకిల పరుండి, రెండుకాళ్లతో పారను బంకమట్టిలోనికి త్రోయును. రెండవవాడు ఆ మట్టిని సంచులకెత్తును. మూడవవాడు చిన్న బండిపై వెనుకకు లాగును. గునపము పోటు లేదు కనుక చప్పుడు లేదు. చప్పుడు లేకపోవుటయే వారి కవచము. ఆవలివైపునుండి శత్రువులును త్రవ్వుచుందురు. ఎవరి చప్పుడు ముందు వినబడిన వారు ముందు చత్తురు.

వినుట యనునది ఈ యుద్ధమున ముఖ్యవిద్య. దీనిని చదువుచున్నపుడు అర్థశాస్త్రమున పండ్రెండవదైన ఆబలీయసాధికరణము జ్ఞప్తికి వచ్చును. బలవంతుని ముట్టడిలో చిక్కిన బలహీనరాజు, సురంగ త్రవ్వుచున్నారని శంకింపబడు తావులందు నీటికుండలనో కంచుపాత్రలనో వరుసగా నుంచవలెనని కౌటిల్యుడు విధించెను. నేల యదరిన నీరు కదలును, కంచు మ్రోగును. జాడ తెలిసినపిమ్మట ప్రతిసురంగ త్రవ్వి, నడుమ భేదించి, పొగనుగాని నీటినిగాని నింపవలెను. 1915లో బ్రిటిషువారును తొలుత నీటిపాత్రలనే వాడిరి. పిమ్మట ఫ్రెంచివారు కనుగొన్న భూశ్రవణయంత్రము వచ్చినది. అది పాదరసము నింపిన రెండు చిన్న డబ్బాలకు వైద్యుని నాడీగొట్టములవంటి గొట్టములు తగిల్చినది. రెండుచెవుల వినికిడి సమమగువరకు డబ్బాలను జరిపి, శత్రువు దిక్కును కనుగొందురు. కంచుపాత్రకును దీనికిని నడుమ రెండువేల యేండ్లు గడచినను సూత్రమొక్కటే.

గ్రంథములో ఈ వినుటను చెప్పవచ్చును గాని చదువరిచేత చేయింపజాలము. చలనచిత్రము చేయింపగలదు. వుడ్‌వర్డ్ కథలో శ్రోతలు ఊపిరి బిగబట్టి వినునపుడు ప్రేక్షకులును వినుచుందురు. తెరపై చీకటి, గోడపై తడి, దూరమున టకటక. యుద్ధచిత్రము లనగానే ఫిరంగుల మ్రోతయే యని తలచుట కద్దు. నిశ్శబ్దమును ఆయుధముగా వాడిన చిత్రములు కొన్నియే. మరియు ఇట్టి దృశ్యములలో సంభాషణ యత్యల్పము, గుసగుసలే. తెలుగున 'భూగర్భసొరంగమార్గమున' అని గుసగుసలాడుటకు వీలులేదు. అనువాదకుని యసలు పరీక్ష ఇక్కడనే.

అరువదవ కొండ యనునది నిజముగా కొండ కాదు. రైలుదారి త్రవ్వినపుడు పోసిన మట్టిగుట్ట. అరువదిమీటర్ల యెత్తున నుండుటచే ఆ పేరు వచ్చినది. దానిక్రింద కెనడావారు సిద్ధపరచిన మందును 1916 నవంబరునుండి ఆస్ట్రేలియా దళము కాపాడుచు వచ్చెను. 1917 జూన్ 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషములకు మెస్సీన్ గుట్టల పొడుగున 19 చోట్ల మందు పేలినది. మొత్తము నాలుగువందల టన్నులకు పైగా మందు, చచ్చినవారు వేలసంఖ్యలో. పేలక మిగిలిన యొక పాతర 1955లో పిడుగుపాటున పేలినది. చిత్రమున ఈ ఘట్టమును నడిపిన తీరు గమనింపదగినది. ముహూర్తము సమీపించినది. కూలిన సొరంగమున తనవాడైన యొక యువకుడు చిక్కియున్నాడు. తీయుటకు వేళ లేదు. వుడ్‌వర్డ్ మీట త్రిప్పవలెను, త్రిప్పును. ఆ యువకుని వృత్తాంతము కల్పన యనియే నేను తలచుచున్నాను. ఐనను ఆ కల్పన ఒక పని చేసినది. వేలమంది శత్రువుల చావు పటముమీది లెక్కగా నుండగా, నేలక్రింద నున్న యొక్క పనివానికి మొగమును పేరును ఇచ్చినది.

మన చరిత్రకారులు ఈ పని చేయలేదు. సూరతునకు అయిదేండ్లకు ముందు, 1567 డిసెంబరున, చిత్తూరుగఢ ముట్టడిలో రెండు సురంగములను పేల్చిరి. మొదటిది పేలగానే సైనికులు బీటలోనికి ఉరికిరి; రెండవది ఆలసించి పేలి వారినే ఎగురగొట్టినది. అక్బరు పక్షమున చచ్చినవారు ఇన్నూరుమంది యని లెక్క. అదే ముట్టడిలో కప్పుదారి కట్టుచున్న పనివారు దినమునకు ఇంచుమించు ఇన్నూరుమంది చొప్పున తుపాకిదెబ్బలకు కూలిరనియు, శవములను ఇటుకలకు మారుగా గోడలో పెట్టిరనియు వ్రాసియున్నారు. చచ్చిన ప్రభువుల పేర్ల పట్టిక కలదు. ఇటుకలైనవారికి పట్టిక లేదు. అక్బర్‌నామా చిత్రప్రతిలో మిస్కీన్ అను చిత్రకారుడు ఈ ప్రేలుడును రెండుపుటల నిండ వ్రాసెను. నేల బ్రద్దలై గుఱ్ఱములును మనుష్యులును గాలిలో తలక్రిందులగుట అందు చూడవచ్చును. చలనచిత్రము లేని కాలమున అదియే చలనచిత్రము. కాని మిస్కీన్ చూపినది నేలపైని దృశ్యమే. లోపల పారపట్టినవాని చీకటిలోనికి కుంచె పోలేదు.

తెలుగునేలపై జరిగిన వానిలో గోలకొండ ముట్టడి ప్రసిద్ధము. 1687లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటగోడలక్రింద మూడు సురంగములు త్రవ్వించి మందు నింపించెను. లోపలివారు జాడ కనిపెట్టి ఎదురు సొరంగము త్రవ్విరి. తమవైపు మందును తోడుకొనిపోయి, మిగిలినదానిని నీట తడిపిరి. జూన్ మాసమున మందు ముట్టించినపుడు ప్రేలుడు వెనుదిరిగి ముట్టడిదారులనే వందలకొలది చంపినది. కౌటిల్యుని ప్రతిసురంగ ఇంతకంటె చక్కగా ఫలించిన సందర్భము వేరొకటి నాకు కనబడలేదు. కోట చివరకు సెప్టెంబరులో సొరంగమువలన గాక, లంచము తిని తెరచిన ద్వారమువలన పడిపోయినది. ద్రోహిపేరు చరిత్రకెక్కినది, స్వామిభక్తుడైన అబ్దుర్రజాక్ లారీ పేరును ఎక్కినది. చీకటిలో శత్రువు మందును గంపలతో తోడినవారెవరో ఎక్కలేదు. కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపుగనులలో అరువదివేలమంది పనిచేయుట చూచితినని టావెర్నియే వ్రాసిన రాజ్యమది. త్రవ్వుట తెలిసిన చేతులకు అచట కొదువ లేదు.

చిత్తూరున తప్పి పేలినది, సూరతున పేలక మిగిలినది, గోలకొండలో వెనుకకు పేలినది. మూడుచోట్లను త్రవ్వినవాడు మాత్రము ఒక్కడే, పేరులేనివాడు. వాని పూర్వుడు ఆదిపర్వమున కలడు. లాక్షాగృహమున పాండవులను కాపాడుటకు విదురుడు పంపినవానిని మహాభారతము ఖనకుడని మాత్రమే చెప్పినది. నన్నయభట్టు తెనుగుసేతలో పాండవులు తప్పించుకొను కథకును ఆధారము వాడే. ఖనకు డనగా త్రవ్వువాడు. అది పేరు కాదు, వృత్తి. వాడు ఇంటి నడుమ బిలము త్రవ్వి, నేలతో సమముగా తలుపమర్చి కప్పెను. ఇల్లు కాలినపిమ్మట, బూడిద ఎత్తివేయువారిలో తానును చేరి, ఎవరికిని తెలియకుండ ఆ బిలద్వారమును మట్టితో పూడ్చెను. భారతవంశము నిలుచుటకు హేతువైనవాడు తన పనిని తానే తుడిచివేసి కథనుండి తొలగిపోయెను. సంస్కృతమూలమున ఆ బిలమునకు సురుంగ యను పేరును కలదు. చంపుటకు గాక బ్రదికించుటకు త్రవ్విన సురుంగ యది. తెలుగున సొరంగము అను మాటకు ప్రేలుడు అంటకపోవుట ఈ కథాబలముచేతనే యని చెప్ప సాహసింపను గాని, మన జనుల చెవిలో సొరంగమనగానే తప్పించుకొనుటయే తొలుత మెదలుట నిజము.

ఇక గనిపనివాని మాట. నిఘంటువులలో గని, ఖని అని ఉండును. సింగరేణి ప్రాంతమున పనివారు గని యనరు, బాయి యందురు. బొగ్గుబాయి, బాయిపని, బాయిలో దిగుట. నీళ్లబావి త్రవ్విన చేతులు బొగ్గు త్రవ్వినపుడు తమ మాటను వెంట తెచ్చుకొన్నవి. గంపకెత్తి పోయువానిని తట్టాచెమ్మస్ అనుటయు అచటి వాడుకయే. ఆస్ట్రేలియా గనివాని మాటను తెలుగున పలికింపవలసివచ్చినచో నేను ఈ పలుకుబడిని కోరుకొందును. గని యను పుస్తకపు మాటలో లేని లోతు బాయిలో ఉన్నది. ఒక్క శ్వాసలో గుసగుసలాడుటకును అనువైనది. మైన్ అను పదముచేత ఆంగ్లమున కలిగిన ఐక్యము దీనివలన రాదు. కాని బాయి, పాతర అను రెండును పల్లెకొంపలోనివే. ఒకటి నీటికి, ఒకటి గింజలకు త్రవ్వినవి. ఆ రెండుమాటలను యుద్ధమున వినునపుడు తెలుగు ప్రేక్షకునకు తగులు నొప్పి ఆంగ్లమున లేదు.

సూరతున నేడు మెట్రోరైలుకొరకు కాపోద్రానుండి చౌక్ బజారు దాక, సుమారు ఆరున్నర కిలోమీటర్లు, భూగర్భమార్గము నిర్మించుచున్నారు. ఖుదావంద్ ఖాన్ కోట చేరువకే మరల త్రవ్వకము వచ్చుచున్నది. తెలంగాణమునుండి మగ్గములపనికై వలసపోయిన పద్మశాలి కుటుంబములు ఆ నగరమున పెక్కు కలవు. నగరపాలకసంస్థ తెలుగుమాధ్యమమున ప్రాథమికపాఠశాలలను నడుపుచున్నది. ఆ పిల్లలకు వీధిలో గుజరాతీవారి సురంగయు, పుస్తకమున తెలుగు సొరంగమును ఎదురగును. అర్థభేదమును వారినుండియే సేకరింపవలెను.